మంచమిచ్చిన మనిషి పేరు

మొన్న మాఘమాసంలో మా పెద్దత్తయ్యను వెంటబెట్టుకుని గుంటూరు అవతల ఒక వృద్ధాశ్రమం చూసి రావడానికి వెళ్లాను. వృద్ధాశ్రమం అనకూడదట, సీనియర్ లివింగ్ కమ్యూనిటీ అనాలట. పేరు ఏదైతేనేం, పెద్దవాళ్లు నెలనెలా డబ్బు కట్టి ఉండే చోటు.

పెద్దత్తయ్య అంటే మా అత్తగారి అక్క. డెబ్బై ఎనిమిదేళ్లు. దాచేపల్లిలో మా వెనక వీధిలోనే ఇల్లు. మామయ్యగారు పోయాక తొమ్మిదేళ్లుగా ఒక్కతే ఉంటోంది. పెద్దకొడుకు హైదరాబాదులో, చిన్నకొడుకు అమెరికాలో. ఇద్దరూ మంచివాళ్లే. కిందటి వానాకాలం పెరట్లో కాలు జారి పడి, పాలబ్బాయి వచ్చి చూసేదాకా గంటన్నరసేపు లేవలేక అలాగే ఉండిపోయింది. అప్పటినుంచి కొడుకులకు నిద్ర లేదు. పోనీ మా దగ్గరకు రా అంటే, ఆ పదో అంతస్తులో నేను ఉండలేనంది. దాంతో ఈ ఏర్పాటు ఆలోచించారు. చూసి రమ్మని నాకు అప్పజెప్పారు.

అక్కడ అన్నీ బాగానే ఉన్నాయి. లిఫ్టు ఉంది. బాత్‌రూముల్లో పట్టుకోవడానికి కడ్డీలు ఉన్నాయి. రాత్రీ పగలూ నర్సు ఉంటుంది, డాక్టరు వారానికి రెండుసార్లు వస్తాడు. ఏ రోజు ఏం వండుతారో గోడమీద పట్టిక రాసి పెట్టారు. నాకు సంతోషమే వేసింది. పెద్దత్తయ్య చేతికర్ర ఆనించుకుంటూ అన్నీ చూసింది. చివర్లో ఒకే ఒక్క మాట అడిగింది. పండుమిరపకాయల రోజులు కదా, ఇక్కడ కొరివికారం ఎవరు పెడతారు అని. మేనేజరు కుర్రాడు నవ్వి, ఇక్కడ మీరు ఏ పనీ చేయక్కర్లేదమ్మా, హాయిగా కూర్చోండి, పచ్చళ్లన్నీ బయటినుంచే వస్తాయి అన్నాడు. తర్వాత పక్కనున్న అమ్మాయితో, ఈవిడను పద్నాలుగో నంబరులో వేసుకోమన్నాడు.

తిరుగు బస్సులో పిడుగురాళ్ల దాకా పెద్దత్తయ్య నోరు విప్పలేదు. పిడుగురాళ్ల దాటాక మెల్లగా అడిగింది. అక్కడ నన్ను పేరుతో పిలుస్తారా, పద్నాలుగో నంబరు అనే పిలుస్తారా అని. నా దగ్గర జవాబు లేదు. కానీ ఎప్పుడో చూసిన ఒక పటం మాత్రం ఠక్కున గుర్తుకొచ్చింది.

పటంలో బుట్ట పట్టుకున్న ముసలమ్మ

నేను డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకు సికింద్రాబాదులో మా పిన్ని ఇంటికి వెళ్లేదాన్ని. పిన్ని నర్సు. ఒక ఆదివారం బియ్యం, సబ్బులు మూటగట్టుకుని పేద వృద్ధుల ఆశ్రమానికి వెళ్తూ నన్నూ తీసుకెళ్లింది. లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే సన్యాసినుల సంస్థ నడిపే ఇల్లు అది. వరండాలో నలుగురు ముసలమ్మలు చిక్కుళ్లు ఒలుస్తూ కబుర్లాడుతున్నారు. ఒకావిడ చీర అంచు కుట్టుకుంటోంది. గోడమీద ఒక పటం. తెల్ల టోపీ, నల్ల శాలువా, చేతిలో బుట్ట. ఎవరండీ ఈవిడ అని అడిగాను. అక్కడి సిస్టరు కూర్చోబెట్టి కథంతా చెప్పింది. ఆ తర్వాత నేను మరికొంత చదివి తెలుసుకున్నాను.

ఆవిడ పేరు జీన్ జుగాన్. ఫ్రాన్సు దేశంలో బ్రిటనీ అనే ప్రాంతం, సముద్రం ఒడ్డున కంకాల్ అనే చేపలు పట్టేవాళ్ల ఊరు. 1792 అక్టోబరు 25న పుట్టింది. ఫ్రెంచి విప్లవం ఉధృతంగా సాగుతున్న రోజులు. ఆ పిల్లకు నాలుగేళ్లు నిండేసరికి, వేటకు వెళ్లిన తండ్రి సముద్రంలోంచి తిరిగి రాలేదు. తల్లి కూలినాలి చేసి పిల్లల్ని పెంచింది. జీన్ పశువులు కాసేది, ఊలు అల్లేది. పదహారేళ్లకు ఒక జమీందారిణి ఇంట్లో వంటపనికి కుదిరింది. ఆ ఇల్లాలు పేదల ఇళ్లకు వెళ్లేటప్పుడు ఈ పిల్లను తోడు తీసుకెళ్లేదట. పేదవాళ్ల గడపలోకి ఎలా అడుగు పెట్టాలో జీన్ అక్కడే నేర్చుకుంది.

ఒక నావికుడు పెళ్లి చేసుకుంటానని అడిగాడు. వద్దంది. ఇరవై అయిదేళ్ల వయసులో దగ్గరి పట్నం సెయింట్ సెర్వాన్‌కు వెళ్లి అక్కడి ఆసుపత్రిలో పనిలో చేరింది. ఆరేళ్లు చేసేసరికి ఆరోగ్యం చెడింది. ఆ తర్వాత లెకోక్ అనే ఒంటరి ఆవిడ ఇంట్లో పనిమనిషిగా చేరి, 1835లో ఆవిడ కన్నుమూసేదాకా పన్నెండేళ్లు కనిపెట్టుకుని ఉంది. ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునే ఆడవాళ్లెవరికైనా ఈ పన్నెండేళ్లంటే ఏమిటో నేను విడిగా చెప్పక్కర్లేదు.

మంచం దిగి అటకెక్కింది

యజమానురాలు పోయాక జీన్, ఫాన్షాన్ అనే ముసలావిడ, ఒక అనాథ అమ్మాయి కలిసి రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నారు. జీన్ ఇళ్లలో బట్టలుతికి సంపాదించేది. అలా ఉండగా 1839 చలికాలంలో ఆన్ షోవాన్ అనే ఒక గుడ్డి ముసలమ్మ సంగతి తెలిసింది. పక్షవాతంతో ఒక పక్క పడిపోయింది. చూసే దిక్కు లేదు. జీన్ వెళ్లి ఆవిడను ఎత్తుకుని, ఆ ఇరుకు మెట్లెక్కి ఇంటికి తెచ్చింది. తన మంచం మీద పడుకోబెట్టింది. తాను అటక మీదికి చేరింది. అప్పుడు జీన్‌కు నలభై ఏడేళ్లు.

ఈ రోజు ప్రపంచంలో పేద వృద్ధుల కోసం నడిచే ఒక పెద్ద సంస్థకు పునాది ఆ మంచమే! దాని వెనక ట్రస్టు లేదు, చందా పుస్తకం లేదు. ఉన్నది ఒకటే మంచం. అది ఇచ్చేసింది.

కొన్నాళ్లకు రెండో ముసలమ్మ వచ్చింది. 1841లో ఒకప్పుడు సారా కొట్టుగా ఉన్న పెద్ద గది అద్దెకు తీసుకుంటే పన్నెండుమంది చేరారు. మరుసటి ఏడాది అప్పోసప్పో చేసి పాత కాన్వెంటు భవనం ఒకటి కొన్నారు. 1843 చివరికి దాదాపు నలభైమంది అయ్యారు. తడిసిన గడ్డిమీద నేలమాళిగలో పడి ఉన్న ఒక ముసలి నావికుణ్ణి కూడా తెచ్చి చేర్చుకున్నారు.

మరి ఇంతమందికి కూడు ఎక్కడిది? ఆ ముసలివాళ్లలో చాలామంది అంతకుముందు వీధుల్లో అడుక్కుని బతికినవాళ్లే. ఇక్కడికి వచ్చాక కూడా పొద్దున్నే బయల్దేరి వెళ్లేవాళ్లు. జీన్‌కు అది నచ్చలేదు. మీ బదులు నేను వెళ్తానంది. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని, నీకు ఏ ఇంట్లో ఏం పెట్టేవాళ్లు అని అడిగి తెలుసుకుంది. బుట్ట చేతపట్టుకుని ఆ ఇళ్లకే వెళ్లి, ఇకమీదట ఫలానా ఆవిడ రాదు, ఆవిడకు ఇచ్చేది నాకివ్వండి అని చెప్పేది. అంటే ముసలమ్మ చేయి చాపడం మానింది గాని, ఊరివాళ్లకు ఆవిడ పేరు మరపున పడలేదు. సికింద్రాబాదు పటంలో నేను చూసింది ఆ బుట్టే.

ఒక ఇంటాయన చిరాకుపడి చెంప మీద కొట్టాడని చెప్పుకుంటారు. ఈ దెబ్బ నాకు, ఇప్పుడు నా ముసలివాళ్లకేమైనా ఇవ్వండి అని ఆవిడ నెమ్మదిగా అడిగిందట. ఆయన ఇచ్చాడట.

ఆ ఇంట్లో ఇంకో సంగతి ఉంది. చేతులాడే ముసలమ్మలు ఊలు ఏకేవాళ్లు, నూలు వడికేవాళ్లు, చిరిగిన బట్టలు కుట్టేవాళ్లు. పనికి పనీ, కాలక్షేపానికి కాలక్షేపం. మా ఊళ్లో మిరపకాయల తొడిమలు తీసేచోట డెబ్బై ఏళ్ల అవ్వలు కూర్చుని, చేయి చేస్తుంటే నోరు ఊరికథలు చెప్తుంటుంది చూడండి, అలాగన్న మాట.

దాదాపు ఆ కాలంలోనే మన గోదావరి జిల్లాలో, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళ కాని వేళ వచ్చినవాళ్లకు పొయ్యి రాజేసి అన్నం పెట్టేది. ఆవిడ ఉదారతను దొరలు కూడా గుర్తించారు. ఇద్దరు ఆడవాళ్లూ పెద్ద చదువులు చదివినవాళ్లు కారు. మనిషిని చూడగానే ఏం కావాలో కనిపెట్టడం మాత్రం ఇద్దరికీ తెలుసు.

పెత్తనం ఇంకొకరికి పోయింది

ఇక్కడిదాకా వింటే మామూలు పుణ్యకథలాగే ఉంటుంది. నన్ను కదిలించింది తర్వాతి సగం.

జీన్‌తోపాటు మరికొందరు అమ్మాయిలు చేరి చిన్న సంఘంగా ఏర్పడ్డారు. పెద్దగా జీన్‌నే ఎన్నుకున్నారు. 1843 డిసెంబరులో రెండోసారి కూడా ఆవిడనే ఎన్నుకున్నారు. రెండు వారాలు తిరిగాయో లేదో, సంఘానికి సలహాదారుగా ఉన్న లె పాయ్యేర్ అనే యువ మతగురువు ఆ ఎన్నిక చెల్లదన్నాడు. జీన్‌ను తీసేసి, తన మాట వినే 23 ఏళ్ల అమ్మాయిని పెద్దను చేశాడు. జీన్ ఎదురు చెప్పలేదు. బుట్ట పట్టుకుని మళ్లీ వీధిలోకి వెళ్లింది.

1844లో సెయింట్ సెర్వాన్ ఊరి పెద్దలు ఈవిడ సేవ గురించి వివరంగా రాసి, సంతకాలు పెట్టి ఫ్రెంచి అకాడమీకి పంపారు. 1845లో అకాడమీ ఆవిడకు 3,000 ఫ్రాంకుల మాంత్యోన్ బహుమతి ఇచ్చింది. ఆ సొమ్మూ ఆశ్రమానికే. ఆ తర్వాత రెన్, తూర్, ఆంజే పట్నాల్లో ఒక్కొక్కటే ఇళ్లు లేచాయి. అప్పు పీకల మీదికొచ్చిన చోటల్లా బుట్టతో జీన్‌నే పంపేవాళ్లు. పెత్తనం మాత్రం ఆవిడది కాదు.

1852లో ఆవిడను ప్రధాన ఆశ్రమానికి పిలిపించి, ఇక బయటికి వెళ్లనక్కర్లేదన్నారు. దాతలతో మాట్లాడటం కూడా మానుకోమన్నారు. జీన్ జుగాన్ అనే పేరు పోయి సిస్టర్ మరీ ఆఫ్ ది క్రాస్ అనే మఠం పేరే మిగిలింది. 1856లో ఆశ్రమం సెయింట్ పెర్న్ అనే పల్లెకు మారింది. అక్కడే కొత్తగా చేరే అమ్మాయిల మధ్య ఆవిడ చివరిదాకా ఉండిపోయింది. మొత్తం 27 ఏళ్లు! సంస్థను స్థాపించింది లె పాయ్యేరేనని ఆ అమ్మాయిలకు నేర్పారు. మూల గదిలో చేతికర్రతో నడుస్తున్న ఈ ముసలమ్మ ఎవరో వాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు. చివర్లో చూపు కూడా బాగా మందగించింది.

అయినా ఆవిడ మాట అవసరమైన రోజు ఒకటి వచ్చింది. 1865లో సంస్థకు స్థిరమైన ఆదాయం వచ్చే ఆస్తులు తీసుకోవచ్చా అన్న ప్రశ్న వస్తే, ఆవిడ వద్దంది. ఏ రోజుకారోజు జనం పెట్టేదాంతోనే బతకాలంది. అదే నిర్ణయమైంది. ఆ కాగితం మీద ఆవిడ సంతకం కూడా ఉంది.

1879 ఆగస్టు 29న, 86 ఏళ్ల వయసులో కన్నుమూసింది. అప్పటికి సంస్థలో 2,400 మంది సిస్టర్లు, 177 ఇళ్లు. తర్వాత మూడేళ్లకు, 1882లో, కలకత్తాలో మన దేశంలోని ఇల్లు తెరిచారు. ఆ తర్వాత బెంగుళూరు, మద్రాసు, సికింద్రాబాదు.

సత్యం పైకి రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1890లో పై అధికారులు విచారణ చేసి లె పాయ్యేర్‌ను తప్పించి రోముకు పిలిపించారు. మొదట మంచమిచ్చింది ఎవరో తేల్చడానికి, 1844లో ఆ ఊరివాళ్లు సంతకాలు పెట్టిన కాగితం సాక్ష్యమైంది. 2009 అక్టోబరు 11న రోములో ఆవిడను సెయింటుగా ప్రకటించారు.

ఏం తక్కువైంది?

బస్సులో పెద్దత్తయ్య అడిగిన ప్రశ్నతో కలిపి చూస్తే నాకొకటి అనిపించింది. ఆ 27 ఏళ్లూ జీన్‌కు అన్నం తక్కువ కాలేదు. మంచం ఉంది, మందు ఉంది, మాట్లాడే మనుషులున్నారు. ఇప్పటి లెక్కల ప్రకారం చూస్తే సంరక్షణ సక్రమంగానే ఉన్నట్టు. తీసేసుకున్నదల్లా ఆవిడ పేరు, ఆవిడ పని, ఆవిడ మాట. ఆవిడ తట్టుకుంది. ఆవిడ తట్టుకుంది కదా అని అందరు పెద్దవాళ్లనూ తట్టుకోమనగలమా?

మనం ఆశ్రమాల సంగతే అనుకుంటాం గానీ, ఇళ్లలో మాత్రం ఏం చేస్తున్నాం? అత్తగారు కూర తరగబోతే, మీరు కూర్చోండి, చేయి తెగుతుంది అంటాం. ఇంటికొచ్చినవాళ్లు ఆవిడ ఆరోగ్యం సంగతి ఆవిడను అడగకుండా మనల్ని అడుగుతారు, మనమే చెప్పేస్తాం. టీవీలో ఏం పెట్టాలో కూడా మనవళ్లదే నిర్ణయం. నేనూ చేశాను ఈ పనులన్నీ. ప్రేమతోనే చేశాను.

అందుకని పెద్దవాళ్ల కోసం ఇలాంటి చోటు చూడబోతున్నవాళ్లకు నాలుగు మాటలు. గదులు, లిఫ్టు, డాక్టరు ఎలాగూ చూస్తారు. వాటితోపాటు ఇవీ అడగండి. పనివాళ్లు పెద్దవాళ్లను ఏమని పిలుస్తారు? ఇష్టమైతే వంటింట్లోకో తోటలోకో వెళ్లి చేయి వేయనిస్తారా? అన్నం వేళ తప్పితే మళ్లీ పెడతారా? రాత్రిపూట పిలిస్తే ఎంతసేపట్లో వస్తారు? మంచాన పడితే ఉంచుకుంటారా, తీసుకెళ్లమంటారా? నచ్చక మానేస్తే కట్టిన డిపాజిట్టు ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాసిస్తారా? వెళ్లేది ముందుగా చెప్పిన రోజునే కాకుండా, ఒకసారి చెప్పకుండా సాయంత్రంపూట వెళ్లి చూడండి.

ఆస్తి విషయం కూడా. 60 ఏళ్లు దాటినవాళ్ల కోసం 2007లో ఒక చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, నెలనెలా పోషణ ఖర్చు ఇప్పిస్తారు. పిల్లల పేర ఇల్లో పొలమో రాసేటప్పుడు, నన్ను చూసుకోవాలి అన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించుకుంటే, చూసుకోనప్పుడు దాన్ని రద్దు చేయమని అడిగే హక్కు 23వ సెక్షను ఇస్తోంది. ఆ షరతు లేకుండా రాసిచ్చి, తర్వాత ఏడ్చి లాభం లేదు. పెద్దవాళ్లకు ఏ ఇబ్బంది వచ్చినా 14567కు ఫోను చేయొచ్చు, డబ్బు పడదు.

కొంగున తాళం చెవి

జీన్ జుగాన్ కథ మా పెద్దత్తయ్యకు వాళ్ల అరుగుమీద కూర్చుని చెప్పాను. మంచమిచ్చిందన్న చోట తలూపింది. పేరు తీసేశారన్న చోట ఏమీ అనలేదు. ఆ వారంలో కొడుకులకు తనే ఫోను చేసింది. ఉగాది వెళ్లాక మూడు నెలలు ఉండి చూస్తాను, నచ్చితే ఉంటాను, లేదంటే వచ్చేస్తాను అంది. గది తలుపుమీద తన పేరు రాయించాలి. చిన్న రోలు వెంట తీసుకెళ్తుంది. బ్యాంకు పుస్తకం, ఇంటి తాళం చెవి తన దగ్గరే ఉంటాయి. ఇల్లు అమ్మే మాట ఎవరూ ఎత్తకూడదు. కొడుకులు సరేనన్నారు. పేరుకు మేనేజరూ ఒప్పుకున్నాడు. రోలు దగ్గర కాసేపు తటపటాయించి, వంటింటి వెనక పెట్టుకోమన్నాడు.

వెళ్లి రెండు నెలలైంది. అంతా బాగుందని చెప్పను. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదంటుంది. అక్కడి పప్పు నీళ్లలా ఉంటుందంటుంది. కొత్త పనమ్మాయి నిన్నకూడా పద్నాలుగో నంబరు అని పిలిచిందట, పెద్దత్తయ్య పలకలేదట. పేరు పెట్టి పిలిచాకే తలుపు తీసిందట! పక్క గదిలో రేపల్లె ఆవిడ మాత్రం ఈవిడ తీసుకెళ్లిన కొరివికారం రుచి మరిగిందట. వచ్చే మాఘానికి కాయలు పంపాల్సి ఉంటుందేమోనని ఫోనులో నాతో అంది. ఆ వెంటనే, అప్పటికి నేనే ఇంట్లో ఉంటానేమోలే అంది.

ఏది నిజమవుతుందో నాకు తెలియదు. ప్రతి శుక్రవారం వెళ్లి ఆ వాకిలి ఊడ్చి, ముగ్గు పెట్టి వస్తున్నాను. తలుపుకు తాళం ఉంది. చెవి ఆవిడ కొంగున ఉంది.